దీర్ఘదర్శి యెచ్చటికి పోయెను?

మూడు చేపల కథ నెఱుగని తెలుగు బాలు డరుదు. భారతమున శాంతిపర్వమందు భీష్ముడు ధర్మరాజునకు చెప్పిన కథ యిది. లోతులేని యొక మడుగులో దీర్ఘదర్శి, ప్రాప్తకాలజ్ఞుడు, దీర్ఘసూత్రుడు అను మూడు మత్స్యములు చెలిమితో నుండెను. జాలరులు వచ్చి గండ్లు త్రవ్వి నీటిని వెలుపలికి పాఱింప మొదలిడిరి. దీర్ఘదర్శి ముప్పును ముందే కనిపెట్టి, పాఱు నీటివెంట వేఱొక లోతైన మడుగునకు పోయెను. ప్రాప్తకాలజ్ఞుడు చిక్కియు నుపాయముచే బయటపడెను. తొందర యేల యన్న దీర్ఘసూత్రుడు చచ్చెను. పంచతంత్రమున నిదే కథ అనాగతవిధాత, ప్రత్యుత్పన్నమతి, యద్భవిష్యుడు అను పేళ్లతో నున్నది. ఉపాధ్యాయులు తరతరములుగా దీనిని చెప్పి, వెనుక బల్లమీది బాలుని వంక వ్రేలు చూపి, దీర్ఘసూత్రుడవు కాకుమని ముగించుచున్నారు.

ఈ కథతో నాకు వైరము లేదు. దానిని మనము చదువు తీరుమీదనే నా యాక్షేపణ. దీర్ఘదర్శి బుద్ధిని మెచ్చుకొనుటలో మనము మఱచిన చిన్న సంగతి యొకటి కథలోనే యున్నది. ఆ చేప పోవుటకు వేఱొక మడుగు గలదు. అచ్చటికి పాఱు నీటిదారి గలదు. ఆ రెండును లేని మడుగులో దీర్ఘదర్శికిని దీర్ఘసూత్రునకును భేద మేమి? ఒకడు ముందే తెలిసికొని చచ్చును, ఒకడు తెలియక చచ్చును.

ఇటీవలి యర్థశాస్త్రజ్ఞులును మనశ్శాస్త్రజ్ఞులును ఈ చేపల కథనే లెక్కలలోనికి దింపిరి. చేతికందిన చిన్న లాభమును విడిచి, తరువాత రానున్న పెద్ద లాభమునకై వేచియుండగల గుణమునకు వారు ఓర్పని పేరిడిరి. 1982లో విక్టర్ ఫుక్స్ అను నమెరికా పండితుడు ఒక చిక్కుప్రశ్న వేసెను. చదివినవారు చదువనివారికంటె ఆరోగ్యవంతులై యుండుట తఱచుగా చూచుచున్నాము గదా. చదువే ఆరోగ్యము నిచ్చుచున్నదా, లేక చదువును ఆరోగ్యమును రెండును ఓర్పను నొక్క తల్లి బిడ్డలా? పుస్తకము ముందు పదేండ్లు కూర్చుండుటయు, చుట్ట మానుటయు ఒక్క గుణమునుండియే పుట్టుచున్నవా? ఆయన పరిశీలనలో సంబంధము కనబడెనే గాని బలముగా కనబడలేదు. ప్రశ్న మాత్రము నిలిచినది. 2012లో 76 దేశములలో 80,000 మందిని ప్రశ్నించి, 2018లో ప్రకటించిన యొక పెద్ద పరిశీలనలో, ఓర్పు హెచ్చుగా గల దేశములు ధనవంతములుగను, ఓర్పు హెచ్చుగా గల మనుష్యులు ఎక్కువ చదివినవారుగను ఎక్కువ దాచుకొన్నవారుగను తేలిరి.

వీనికంటె లోకప్రసిద్ధమైనది వాల్టర్ మిషెల్ చేసిన మిఠాయి పరీక్ష. స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయపు శిశుపాఠశాలలో, చిన్న బిడ్డ యెదుట ఒక మెత్తని మిఠాయి నుంచి, నేను తిరిగి వచ్చువఱకు తినకున్నచో రెండు దొరకునని చెప్పి పెద్దవారు గది వదలి పోవుదురు. అట్లు వేచియున్న బిడ్డలు పెరిగి పరీక్షలలో నెక్కువ మార్కులు తెచ్చుకొనిరని 1990లో ప్రకటింపగా, ఆ మాట ఖండఖండాంతరములకు ప్రాకెను. 2018లో మఱి ముగ్గురు పండితులు 900 మందికి పైబడిన బిడ్డల వివరములతో దానిని మరల పరీక్షించిరి. సంబంధము మొదట చెప్పినదానిలో సగమే కనబడెను. బిడ్డ పుట్టిన యింటి స్థితిగతులను, చిన్ననాటి తెలివితేటలను లెక్కలోనికి తెచ్చినంతనే అందును మూడింట రెండు పాళ్లు కరగిపోయెను. ఈ రెండవ వార్త మొదటిదాని వలె ప్రాకలేదు. మెచ్చుకోలు కథలకున్న కాళ్లు సవరణలకు లేవు.

ఈ శాస్త్రము నోట నోట పడి మన యరుగుల మీదికి వచ్చునప్పటికి దాని రూపము వేఱు. 'పేదవాడు రేపటి నెంచడు. అందుచేతనే వాని బిడ్డకు చదువు లేదు, వాని యొంటికి ఆరోగ్యము లేదు' అని చదువుకొన్నవారు నిశ్చింతగా పలుకుచున్నారు. బడి పంతుళ్లు విరామపు గదిలో పలుకుచున్నారు. వైద్యులు రోగి వెళ్లిన పిమ్మట పలుకుచున్నారు. నేనును ఒకప్పుడు పలికినవాడనే.

ఈ మాటను పరీక్షించుటకు రాయచోటికంటె తగిన తావు నాకు తోచదు. మాండవ్య నది యొడ్డున వీరభద్రస్వామి గుడి గల యీ యూరు చిరకాలము కడప జిల్లాలోనిది. 2022 ఏప్రిలులో అన్నమయ్య జిల్లా యేర్పడినప్పుడు దానికి ముఖ్యపట్టణ మాయెను. చుట్టును వానను నమ్మిన మెట్టపొలములు, వేరుసెనగ, మామిడితోటలు. కడప సీమకు ఏడాదికి దాదాపు 700 మిల్లీమీటర్ల వాన యని చెప్పుదురు. కాని యది యనేక సంవత్సరముల వానను కూడి పంచిన లెక్క. రైతు పొలములో సగటు వాన కురియదు. ఒక యేట విత్తి నెల దినములు మబ్బువంక చూడవలెను, ఒక యేట కోతవేళకు తడిసి కాయ మొలకెత్తును. 2021 నవంబరు 19న చెయ్యేటిమీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి రాజంపేట దిక్కు పల్లెలను ముంచెను. నీటికై కన్నులు కాయలు కాచిన సీమలో నీరు వచ్చినప్పు డట్లు వచ్చినది.

ఇది నేటి మాట మాత్రము కాదు. 1876లో ధాత నామ సంవత్సరమున మొదలైన కఱవు ఈ సీమలో ధాత కఱవను పేరనే నిలిచినది. మఱుసటి యేడు రిచర్డు టెంపుల్ కఱవు పనులలోని కూలిని దినమునకు ఒక పౌను ధాన్యము, కొలది డబ్బు అను మేరకు తగ్గింపగా, ఆ తిండితో పనిచేయు మనుష్యుడు నిలువజాలడని మదరాసు సానిటరీ కమీషనరు కార్నిష్ వాదించెను. ఆకాశము మాట తప్పుట ఒక యెత్తు. అన్నము పెట్టెదమన్నవారు కొలత తగ్గించుట మఱియొక యెత్తు. ఇట్టి సీమలో తాతలనుండి మనుమలకు దిగివచ్చిన పాఠము రేపటిని నమ్ముమనుట కానేరదు.

అయినను వీరు రేపటి నెంచనివారా? మామిడి మొక్క నాటినవాడు కాయకై నాలుగైదేండ్లు కాచుకొనవలెను. తోట నిండుగా చేతికి వచ్చుటకు మఱికొన్ని యేండ్లు. రేపటి నెంచనివాడు మామిడి నాటడు. బోరుబావి సంగతియు నట్టిదే. అప్పు చేసి ఒక బోరు వేయించును; అది యెండిన ఆ ప్రక్కనే మఱొకటి; భార్య మెడలోనిది కుదువబెట్టి మూడవది. ఇది ముందుచూపో జూదమో నేను నిశ్చయింపజాలను. జూదమే యైనను రేపటిమీది జూదము. ఓపిక లేనివా డాడు ఆట కాదు.

అన్నిటికంటె పెద్ద సాక్ష్యము కువైటు. 1973 తరువాత నూనె ధరలు పెరిగి గల్ఫు దేశములలో పనులు పుట్టిన నాటినుండి రాయచోటి, లక్కిరెడ్డిపల్లె, గాలివీడు, చిన్నమండెం ప్రాంతములవారు కువైటునకు పోవుచున్నారు. పురుషులు బండ్లు నడుపుటకును గొఱ్ఱెలు కాచుటకును, స్త్రీలు ఇంటిపనికిని. ముప్పది యేండ్లు నిండని స్త్రీని ఇంటిపనికై యా దేశములకు పంపరాదని భారత ప్రభుత్వపు నిబంధన. మంచి యుద్దేశముతో చేసినదే. కాని మన యూళ్లలో ముప్పది నిండిన స్త్రీ యనగా బిడ్డల తల్లి. కావున వెళ్లునది తల్లియే. తన బిడ్డను అవ్వ యొడిలో విడిచి, పరాయి బిడ్డను ఎత్తి పెంచి, ఆ కూలితో తన బిడ్డకు బడిజీతము కట్టుచున్న యామెకు రేపటి చింత లేదని యెవ రనగలరు? మిఠాయి ముందు పదునైదు నిమిషములు కూర్చున్న బిడ్డకు ప్రపంచఖ్యాతి వచ్చినది. ఈమె కూర్చున్న పదునైదేండ్లను ఏ పరీక్షలో కొలిచిరి?

1990 ఆగష్టు 2న ఇరాకు సేనలు కువైటు నాక్రమింపగా, దాదాపు 1,70,000 మంది భారతీయులను అమ్మాను నగరమునుండి విమానములలో స్వదేశమునకు చేర్చిరి. కట్టుబట్టలతో దిగినవారిలో మన సీమవారును గలరు. యుద్ధము ముగిసిన పిమ్మట మరల పోయిరి. పోయిన దారి యిదొక్కటే యెఱిగినవారు మఱేమి చేయుదురు?

గత సంవత్సరము రాయచోటిలో నాకు పరిచయమున్న యొక యింటికి పోయితిని. ఇంటిలో ముసలమ్మ, మనుమడు, మనుమరాలు. కోడలు కువైటులో నున్నది. మేడ లేచినది గాని పైయంతస్తునకు తలుపులు లేవు. అవి రానున్న యొప్పందపు డబ్బుతో రావలెను. మనుమడు ఇంటర్మీడియేటు నడుమ చాలించెను. ఏల మాన్పించితివమ్మా యని నే నడుగగా ముసలమ్మ నన్నొక వెఱ్ఱివానిని చూచినట్లు చూచి, 'వాడు సదివి ఏం జెయ్యాల నాయినా? పాసుపోర్టు వొచ్చింది గదా' అన్నది. వానిని బద్ధకస్థుడని యెంచి వచ్చిన నాకు, వాని మాటలు విన్నకొలది నా యూహ తప్పని తేలినది. ఏ పనికి ఎన్ని దీనారులో, ఎన్ని యేండ్లకు అప్పు తీఱునో, ఎప్పుడు చెల్లెలి పెండ్లి చేయవచ్చునో వానికి వ్రేళ్లమీద నున్నది. వానికి లేనిది ముందుచూపు కాదు. ఆ వీథిలో కువైటు డబ్బుతో లేచిన మేడలు వాని కంటి యెదుట నున్నవి. పట్టా పుచ్చుకొని యుద్యోగము చేయుచున్నవా డొక్కడును ఆ వీథిలో లేడు. చేప కాలువ యున్న దిక్కునకే యీదును.

ఇచ్చట మిఠాయి పరీక్షకు సంబంధించిన మఱియొక పరీక్ష చెప్పవలెను. అమెరికాలో రోచెస్టరు విశ్వవిద్యాలయమువారు 2013లో ప్రకటించినది. 28 మంది బిడ్డలను రెండు జట్లుగా చేసిరి. మంచి రంగుపెన్సిళ్లు తెచ్చెదమని, మంచి బొమ్మలంటింపులు తెచ్చెదమని రెండు జట్ల బిడ్డలకును చెప్పిరి. ఒక జట్టునకు చెప్పినట్లు తెచ్చియిచ్చిరి. రెండవ జట్టునకు 'పొరబడితిమి, లేవు' అని వట్టి చేతులతో వచ్చిరి. తరువాత మిఠాయి పెట్టిరి. మాట నిలుపుకొన్నవారి యెదుట బిడ్డలు సగటున 12 నిమిషములు వేచియుండిరి. మాట తప్పినవారి యెదుట 3 నిమిషములు. ఈ రెండవ జట్టు బిడ్డలకు ఓర్పు లేదందుమా? వారికున్నది బుద్ధి. రెండుమార్లు మోసపోయినవాడు మూడవమాఱు చేతనున్నది తినుట తెలివితక్కువ యెట్లగును?

ఆ యేడే మఱియొక పరిశీలన తమిళ దేశపు చెఱకు రైతులమీద ప్రకటింపబడెను. 464 మంది రైతులకు, కోతకు ముందు కాసు లేని దినములలో నొకమాఱు, కోత డబ్బు వచ్చిన పిమ్మట నొకమాఱు, తెలివి కొలుచు పరీక్షలు పెట్టిరి. అదే రైతు డబ్బు వచ్చిన పిదప హెచ్చుగా నిలిచెను. అప్పుల లెక్కతో నిండిన తలలో రేపటికి చోటు తక్కువ. పంతులు వెనుక బల్లమీది బాలుని వంక వ్రేలు చూపుటకు ముందు, వాడా దిన మేమి తిని వచ్చెనో యడుగుట మేలు.

ఇంతవఱకు లోకమును తప్పు పట్టితిని. ఇక మన యిండ్ల మాట. మన భాషలో ఓర్పను నొక్క పేరుతో రెండు వేఱు గుణములను పిలుచుచున్నాము. ఫలమును కన్నులముందు నిలుపుకొని దానికై కాచుకొనుట యొకటి. ఫలము లేదని తెలిసియు బాధను మ్రింగుట రెండవది. కొడుకులకు మనము నేర్పగోరునది మొదటిది. కూతుండ్రకును కోడండ్రకును నేర్పునది రెండవది. అందఱు తినిన పిమ్మట తినుట, జ్వరము వచ్చినను చెప్పకుండుట, నెలనెల రక్తము పోవుచున్నను సిగ్గుచే వైద్యుని చూడకుండుట — వీనినన్నిటిని ఓర్పని మెచ్చుకొన్నాము. 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య పరిశీలన ప్రకారము ఆంధ్రప్రదేశమున 15–49 యేండ్ల స్త్రీలలో 58.8 శాతమునకు రక్తహీనత గలదు. ఇంత ఓర్పుగల స్త్రీలకు, పండితులు చెప్పిన ప్రకారము, మంచి ఆరోగ్య ముండవలసినది! ఓర్పు ఆరోగ్యమునకు మూలమని చెప్పువారు ఏ యోర్పును గూర్చి చెప్పుచున్నారో ముందు తేల్చుకొనవలెను. కువైటులోని యా కోడలు మోకాలి నొప్పిని రెండేండ్లుగా దాచుచున్నదని ముసలమ్మయే గర్వముతో చెప్పినది. ఆ నొప్పిమీద మేడ లేచినది.

వైద్యవిషయమున ప్రజల యశ్రద్ధను గూర్చి వినునప్పుడెల్ల నాకు రాజస్థానమందలి ఉదయపూరు పల్లెలలో జరిగిన పని జ్ఞప్తికి వచ్చును. బిడ్డలకు టీకాలన్నియు వేయించుటలో అచ్చటి తల్లులు వెనుకబడియుండిరి. తప్పక జరుగు టీకా శిబిరము నెలనెల పల్లెలోనే పెట్టినచోట, టీకాలన్నియు పడిన బిడ్డలు నూటికి 6 నుండి 18 అయిరి. శిబిరముతోపాటు ప్రతి టీకాకు ఒక కిలో పప్పు, అన్నియు ముగిసిన పిమ్మట భోజనపు పళ్లెములు ఇచ్చినచోట 39 అయిరి. 2010లో ప్రకటింపబడిన యీ లెక్కను పప్పునకు లొంగిరని యెగతాళి చేయువారు గలరు. నాకందు తోచినది వేఱు. మొదటి మూడింతలు పెరుగుదల పప్పుచే వచ్చినది కాదు; చెప్పిన దినమున చెప్పిన చోట నర్సు ఉండుటచే వచ్చినది. ఆ తరువాతి పప్పు, ఎప్పుడో రానున్న మేలునకు నేడే యొక గుర్తు.

ఈ కంటితో చూచిన, బడిలోని మధ్యాహ్న భోజనమునకు మించిన ముందుచూపు పని మన దేశమున తక్కువ. వండిన యన్నమే పెట్టవలెనని 2001లో సుప్రీముకోర్టు ఆజ్ఞాపించెను. చదువు ఫలము పదేండ్లకు వచ్చును. అన్నము పండ్రెండు గంటలకు వచ్చును. రెండవది మొదటిదానిని మోయుచున్నది. కాని సర్కారువారికే దీర్ఘసూత్రము పట్టునప్పుడు ఏమందుము? బిడ్డను బడికి పంపిన తల్లికి ఏడాదికి 15,000 రూపాయలని 2020 జనవరిలో ఆరంభమైన సాయము, నడుమ వాయిదాపడి, 2024లో రాకయే పోయి, 2025 జూనులో వేఱొక పేరుతో మరల వచ్చినది. ఏ పక్షమువారిని నిందించుటకును నే నీమాట వ్రాయుట లేదు. వచ్చునో రాదో తెలియని డబ్బు చేతికి వచ్చిన దినమున మంచిదే. రేపటిని నమ్మించు పని మాత్రము చేయజాలదు. రోచెస్టరు బిడ్డల రంగుపెన్సిళ్లు గుర్తునకు రాక మానవు.

ఇట్లనుటచే దోషమంతయు పరిస్థితులదే, మనుష్యునిది కాదని నేను చెప్పుచున్నట్లు చదువరులు తలపవలదు. కువైటు డబ్బు మూడేండ్లది మూడు దినముల పెండ్లిలో పోవుట నేను చూచితిని. సారాయి దుకాణమునకు కఱవు సంవత్సరము లేదు. ముందుచూపు నేర్పవచ్చు ననుటకును నిదర్శనములు గలవు. ఇస్తాంబులు నగరపు ప్రాథమిక పాఠశాలలలో మూడవ తరగతి బిడ్డలకు, నేడు చేసిన పనికి రేపటి నీ వేమగుదువో యూహించుకొనుమని కథలతో నేర్పించిరి. దాదాపు మూడేండ్ల పిమ్మటను ఆ బిడ్డలలో ఓర్పు హెచ్చుగానే కనబడెనని 2018లో ప్రకటించిరి. చదువే మనుష్యునకు రేపటిని చూపునని బెకరు, ముల్లిగన్ అనువారు 1997లోనే వాదించియుండిరి. అనగా ఫుక్సు ప్రశ్నకు ప్రత్యుత్తర మొకవైపు మాత్రమే లేదు. ఓర్పు చదువును తెచ్చునేమో గాని, చదువును ఓర్పును తెచ్చును. అట్లయినచో ఓర్పు లేదను నెపమున ఒక బిడ్డను బడినుండి జారవిడుచుట, ఆకలిగా నున్నాడు గావున అన్నము పెట్టననుట వంటిది.

రాయచోటి యింటిలో నాకు మిక్కిలి పట్టినది ఆ బాలిక సంగతి. అప్పుడు తొమ్మిదవ తరగతి. పది కాగానే పెండ్లి చేయవలెనని ముసలమ్మ పట్టు. మేనత్త కొడుకు సిద్ధముగా నున్నాడు. మనము తొందరపడి ముసలమ్మను మూఢురాలందుము. పైని చెప్పిన పరిశీలనలోనే, 20–24 యేండ్ల ఆంధ్ర స్త్రీలలో 29.3 శాతమునకు పదునెనిమిది నిండకమునుపే పెండ్లియైనట్లున్నది. ఆమె వంటి యవ్వలు వేలకొలది గలరు. నే నడిగితిని, ఆమె చెప్పినది: 'తల్లి యాడనో, తండ్రి యాడనో. నా ప్రాణం పోతే ఈ పిల్లకు దిక్కెవరు సామీ? నేనుండంగనే ఒకింటిదాన్ని జేస్తే సాలు.' ఇదియు ముందుచూపే. తన చావును కూడ లెక్కవేసికొన్న ముందుచూపు. కాని ఆ లెక్కలో పిల్ల చదువునకు చోటు లేదు, పదునాఱేండ్లకు బిడ్డను మోయవలసిన యా యొంటికి చోటు లేదు. ఏ చదువును ఏ వైద్యమును నమ్మదగిన రేపుగా ఆ ముసలమ్మకు ఎన్నడును ఎదురు పడలేదు.

అంతలో కువైటునుండి ఫోను వచ్చినది. అత్తాకోడండ్ర నడుమ మాట పెరిగినది. కోడలు చెప్పినదంతయు నాకు వినబడలేదు. ముసలమ్మ ఫోను ప్రక్కన బెట్టి, కొంతసేపు కొంగుతో మొగము తుడుచుకొని, ఇంటరు దాక ఆపమంటోందని నాతో ననెను. బాలిక గుమ్మముకడ నిలిచి వినుచుండెను, పుస్తకము మూయలేదు.

ఆ పిల్ల యిప్పుడు పదవ తరగతిలో నున్నది. తల్లి యొప్పందమునకు ఇంకను పదునాలుగు నెలలు గలవట.